పంపులత్త గీకించిన గోడలు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ పవర్ ప్లాంటులో యంత్రాలను చల్లబరిచే ఉప్పునీటిని పంపులు ఒక కాలువ గుండా లాగేవి. కాలువకు అడ్డంగా ఉన్న ఇనుప జల్లెళ్లను శుభ్రంగా ఉంచడం ఒకావిడ ఉద్యోగం. జుట్టు నెరిసేదాకా అదే పనిలో ఉండడంతో అందరికీ పంపులత్త అయిపోయింది. ఆఖరికి మేనేజరుకు కూడా.

ఎండలు ముదిరాయంటే జెల్లీ చేపలు గుంపులుగా వచ్చి జల్లెళ్లకు అతుక్కునేవి. నీరు ఆగేది, యంత్రాలు ఆగేవి, ఊరు చీకటయ్యేది. తిట్లు మాత్రం పంపులత్తకు దక్కేవి. జెల్లీలు నడిసముద్రం నుంచి కొట్టుకొస్తాయని అందరూ అనుకునేవారు.

ఒక చలికాలం ఆవిడ మరిది కాలువలో మునిగి, గోడ నుంచి ఊడిన పెచ్చు ఒకటి పట్టుకొచ్చాడు. అతను నీళ్లలో మరమ్మతులు చేసే ఈతగాడు.

"వదినా, లోపల గోడ నిండా ఇవే. బియ్యపు నూకల్లా ఉన్నాయి చూడు."

ఆ పెచ్చును కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడమ్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె భూతద్దంలో చూసి నవ్వింది.

"మీ జెల్లీల చిన్నతనం ఇదేనండీ. పాలిప్‌లంటారు. కాలం కలిసొస్తే ఒక్కోటీ సాసర్లు పేర్చినట్టు అడ్డంగా విడిపోతుంది. ఒక్కో సాసరూ ఒక్కో జెల్లీ అయి ఈదుకుపోతుంది."

"అంటే మా ఇంట్లోనే పుట్టి మా నెత్తికే ఎక్కుతున్నాయన్నమాట!"

మేడమ్ ఇంకా ఏదో చెప్పబోతుంటే వినకుండానే లేచింది పంపులత్త. వారం తిరక్కుండా మరిదిచేత గోడలన్నీ గీకించేసింది. మేనేజరు భేష్ అన్నాడు.

మరుసటి వేసవికి జెల్లీలు రెట్టింపు వచ్చాయి. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది.

"అత్తా, గోడలు గీకించావా, నారు పోయించావా?" అన్నారు తోటివాళ్లు.

ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు. సిగ్గు చంపుకుని మళ్లీ మేడమ్ గుమ్మం ఎక్కింది.

"తెగిన ముక్క ఎక్కడ అంటుకుంటే అక్కడ మళ్లీ మొలుస్తుందండీ. ఆ రోజే చెబుదామనుకున్నా, మీరు ఆగితేగా!"

"ఆగలేదమ్మా. నా తొందరే కొంప ముంచింది. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ముట్టుకోకండి. ఎండబెట్టండి."

మరమ్మతులకు యంత్రాలు ఆపే రోజులు చూసుకుని, కాలువ తలుపులు దించి, నీరంతా తోడించి, గోడలను ఎండకు వదిలేసింది. ఈసారి గీకుడూ గోకుడూ ఏదీ లేదు. నూకలు వడలి చచ్చి రాలిపోయాయి. పగుళ్లలో దాక్కున్నవి మిగిలాయి.

ఆ తరువాత జెల్లీలు రావడం తగ్గింది గానీ మానలేదు. ఆవిడ రిటైరైన రోజున మేనేజరు, జెల్లీల పీడ వదిలించిన మనిషని పొగిడాడు.

"సగమే వదిలింది సార్," అని సరిదిద్ది, మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టి, ఇంటికి వెళ్లిపోయింది.