నా మెయిల్స్‌కి నేనే వేసిన గేటు

మనిషి తన చేతులతో తననే వెలి వేసుకోగలడా అని మీకు సందేహముంటే, నా కథ వినండి. ఆ ఘనకార్యం నేను పటాన్‌చెరులో, ఆఫీసు ఏసీలో హాయిగా కూర్చుని చేశాను.

మాది వాల్వుల ఫ్యాక్టరీ. అక్కడ నోటిమాట చెల్లదు. పక్క టేబుల్ మీది స్టేప్లర్ కావాలన్నా "మెయిల్ పెట్టన్నా" అంటారు. ఆ మెయిల్స్ అన్నీ గేట్‌వే అనే సర్వర్ దాటే పోవాలి. దానికి కాపలాదారుణ్ణి నేను. పంపినవారి పేరును బట్టి దారి మార్చమన్నారు. సేల్స్ వాళ్ల మెయిల్స్ ఒక దారిన, మిగతావి ఇంకో దారిన పోవాలన్నమాట. ముందు పరీక్షించాలి కదా! పంపేవారి దగ్గర నా పేరే పెట్టి, 'ఇతని మెయిల్స్ పంపకుండా పక్కన ఆపు' అని రూలు రాశాను. బ్రహ్మాండంగా ఆపింది. నా తెలివికి నేనే మురిసిపోయి టీకి వెళ్లాను. ఆ రూలు తీసేయడం మరిచిపోయాను.

అప్పటికి నేను తుని నుంచి కొత్తగా వచ్చాను. ఇంద్రేశంలో కిరాయి గది. కిటికీ తీస్తే ఖాళీ ప్లాట్లు, హద్దురాళ్లు. ఇంటికొచ్చాక నాతో మాట్లాడేది కుక్కరొక్కటే, అదీ నాలుగు కూతలు కూసి ఊరుకునేది. చాలా ఒంటరిగా ఉండేది. అందుకే ధైర్యం చేసి, ఆదివారం భోజనానికి రమ్మని మా సెక్షన్‌లో, పక్కనున్న స్టోర్స్‌లో అందరికీ మెయిల్ పెట్టాను. జవాబు లేదు. గుర్తుచేస్తూ మరొకటి పెట్టాను. దానికీ లేదు. మొహమాటపడుతున్నారనుకుని, ఇంటి ఓనరు సత్తెమ్మగారి పెద్ద గిన్నె అడిగి తెచ్చి, బగారన్నం, కోడికూర వండాను.

ఎవరూ రాలేదు. సాయంత్రం గిన్నె కోసం వచ్చిన సత్తెమ్మగారు మూత తీసి చూశారు.

"గింత వండినవ్, ఎవ్వరూ రాలేదా బిడ్డా?"

కూర వేరే గిన్నెలోకి తీసి, ఆమె గిన్నె ఆమెకిచ్చేశాను. ఆమె వెళ్లాక, 'ఈ ఊళ్లో మనుషులే లేరని తెలిసింది' అని అందరికీ ఘాటుగా మెయిల్ కొట్టి, చల్లారిన కూర తిని పడుకున్నాను.

మర్నాడు స్టోర్స్‌లో పనిచేసే యాదగిరి ఎదురొస్తే మొహం తిప్పుకున్నాను. అతను వదల్లేదు.

"ఏందన్నా, నారాజ్ అయినవా? ఎన్ని దినాలైంది, నీ తాన నుంచి ఒక్క మెయిల్ లేదు. మాతోని కలిసుడు నీకు ఇష్టం లేదేమో అనుకున్నం."

పరుగెత్తి గేట్‌వే తెరిచాను. నా మెయిల్స్ అన్నీ అక్కడే, వరసగా, బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. నన్నెవరూ కాదనలేదు. కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆ నీళ్లలో ఏదీ కనబడక, 'అన్నీ పంపు' అన్న బటన్ నొక్కేశాను.

అన్నీ అంటే అన్నీ వెళ్లాయి, ఆ ఘాటుదీ వెళ్లింది. చుట్టూ ఫోన్లు టింగుమన్నాయి. నా వెనకే వచ్చిన యాదగిరి చదివాడు, నా వైపు చూశాడు, మళ్లీ చదివాడు.

"వచ్చే ఆదివారం మనుషులొస్తరన్నా," అన్నాడు. "కూర జెర ఎక్కువ చెయ్."

వచ్చారు. గిన్నె ఖాళీ చేసి మరీ వెళ్లారు.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరినైనా భోజనానికి నోటితోనే పిలుస్తాను. గేట్‌వేలో పరీక్షకు నా పేరు చచ్చినా వాడను. యాదగిరి పేరు వాడతాను.