ఒక కిడ్నీ, నాలుగు తీర్పులు

మా ఆడబిడ్డ ఇంట్లో పెళ్లి భోజనం చేసిన మర్నాడు నాకు కడుపునొప్పి పట్టుకుంది. గ్యాస్ అని మా ఆయన సోడా తాగించారు. తగ్గకపోతే నెల్లూరు తీసుకుపోయి స్కానింగ్ చేయించారు. కడుపులో ఏమీ లేదు గానీ, ఎడమ కిడ్నీ దగ్గరికి వచ్చేసరికి స్కానింగ్ చేసే డాక్టరు చెయ్యి ఆగిపోయింది. నొప్పి దానంతట అదే పోయింది. అక్కడ కనబడిన గడ్డ మాత్రం మిగిలింది.

అప్పటికి నాకు యాభై ఆరేళ్లు. మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. మా ఆయనది వరి సాగు, నాది జీవిత బీమా ఏజెంటు పని. ఎదుటి మనిషికి చావును గుర్తుచేసి సంతకం పెట్టించుకోవడం నా వృత్తి. కాబట్టి ఎవరైనా నన్ను భయపెట్టి ఏదైనా అంటగట్టబోతే ఇట్టే పసిగడతాను.

సీటీ స్కాన్ తీస్తే గడ్డ మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువని వచ్చింది. క్యాన్సర్ కాకపోవచ్చు గానీ అయ్యే అవకాశమే ఎక్కువ అన్నారు.

మొదట చూపించింది నెల్లూరులో పేరున్న సర్జన్‌కి. ఆయన ఫిల్ము వైపు చూసినంతసేపు కూడా నా వైపు చూడలేదు.

"నిమ్మకాయంత ఉందమ్మా. కిడ్నీ మొత్తం తీసేద్దాం. దేవుడు రెండిచ్చినాడు గదా, ఒకటి చాలు."

"ఆ ఒకటీ చెడిపోతే సార్?"

"అట్లా అపశకునం మాటలు మాట్లాడకూడదు," అన్నారు. కత్తి పట్టుకున్న మనిషి నాకు శకునాలు నేర్పారు.

కృష్ణపట్నం పోర్టులో పనిచేసే మా అన్న ఈ సంగతి విని ఎగిరాడు. "నెల్లూరు వద్దు మే, మద్రాసుకు పోదాం. ఆడ రోబో ఉండాది," అన్నాడు. ఆ రోబోను తనే కొనిపెట్టినట్టు చెప్పాడు.

మద్రాసు డాక్టరు కుర్రవాడు. ముందు వీడియో చూపించాడు. గడ్డ వరకే కోసి, మిగిలిన కిడ్నీని కుట్టేస్తామన్నాడు. ఆయన దగ్గర నా గడ్డ ఉసిరికాయంత అయింది. మా ఆయన ఆ ఇనుప చేతుల్ని చాలాసేపు చూసి అడిగారు.

"కోసేది అదైతే మీరేం చేస్తారు సార్?"

"నేను పక్కన కూర్చుని నడుపుతానండీ."

"ఓహో, మా వరికోత మిషన్ మాదిరి." డాక్టరు మొహం ముడుచుకున్నాడు.

అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో ఇంకో డాక్టరు. కోతే అక్కర్లేదు, చర్మంలోంచి సూది పంపి గడ్డను కాల్చేస్తాను, లేదా మంచులా గడ్డకట్టించి చంపేస్తాను, మర్నాడే ఇంటికి పోవచ్చు అన్నాడు. ఈయన నోట్లో నా గడ్డ రేగుపండంత అయింది.

"మొత్తం పోతుందా సార్?"

"మామూలుగా పోతుంది. మిగిలితే మళ్లీ కాలుద్దాం," అన్నాడు, అట్టు తిరగేసినంత తేలిగ్గా.

అంటే వైద్యమేమీ లేకుండానే నా గడ్డ నిమ్మకాయ నుంచి రేగుపండుకు దిగింది. ఇంకో ఇద్దరికి చూపించి ఉంటే ఆవగింజై మాయమైపోయేదేమో. ఎవరి దగ్గర ఏ పనిముట్టు ఉంటే నా రోగం దానికి సరిపడా తయారైంది. పక్కవాడి పద్ధతి ఒకటుందని ఏ ఒక్కరూ మాటవరసకైనా అనలేదు.

చివరికి నా దగ్గర పాలసీ తీసుకున్న ఒక టీచరమ్మ చెబితే, నెల్లూరులోనే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. ఆమె కిడ్నీ డాక్టరు. కోతలు ఆమె పని కాదు. ఫిల్ము ముట్టుకోకముందే, "బీపీ, షుగర్ ఎన్నేళ్లుగా ఉన్నాయి?" అని అడిగారు.

"పదేళ్లు దాటింది మేడం."

"ఈ మాట ఇంతకుముందు ఎవరూ అడగలేదా?"

మా ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె రక్తపరీక్ష చేయించారు. రెండు కిడ్నీలూ అప్పటికే నీరసపడ్డాయని తేలింది. "ఒకటి మొత్తం తీసేసి ఉంటే రెండోది ఎన్నాళ్లు లాక్కొచ్చేదో చెప్పలేను. డయాలసిస్ దాకా పోయినా పోవచ్చు," అన్నారు. ఇంత చదువుకున్న ముగ్గురికి నాలో ఒక గడ్డ కనబడింది గానీ దాని చుట్టూ ఒక మనిషి ఉన్నట్టు కనబడలేదు.

తర్వాత ఆమె నిదానంగా విడమరిచి చెప్పారు. గడ్డ వరకే తీస్తే కిడ్నీ మిగులుతుంది. కాకపోతే రక్తం పోవడం, మూత్రం కారడం లాంటి ఇబ్బందులు రావచ్చు. సూదితో కాలిస్తే ఒంటికి తేలిక, కానీ కొంత మిగిలిపోయే భయం ఎక్కువ. ఇంత చిన్నవి చాలావరకు మెల్లగా పెరుగుతాయి కాబట్టి స్కాన్లు తీస్తూ కనిపెట్టుకుని ఉండటం కూడా వైద్యమే.

"మీ అక్కకైతే ఏం చెబుతారు మేడం?"

"మా అక్క నా మాట ఎప్పుడు వినింది గనక!" అని నవ్వి, "ముందు బీపీ, షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. గడ్డను చూస్తూ ఉందాం. పెరిగితే అప్పుడు తీయిద్దాం," అన్నారు.

సరేనన్నాను. అసలు గోల అక్కడ మొదలైంది. ఆపరేషన్ చేయించుకుంటే ఆపిల్ పళ్లతో వచ్చేవాళ్లు, చేయించుకోనందుకు అవే పళ్లతో చివరిచూపుకు వచ్చారు. "లోపల క్యాన్సర్ పెట్టుకొని అన్నం ఎట్టా తింటుండావు మే?" అని మా అన్న నా ఇంట్లో చేపల పులుసు రెండోసారి వడ్డించుకుంటూ అడిగాడు. నా పాలసీదారు ఒకామె గొంతు తగ్గించి, "అక్కా, నీకు పాలసీ ఉండాదా?" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే.

నవ్వుతూనే తిరిగాను గానీ, స్కాన్ దగ్గరపడితే నాకు ముద్ద దిగేది కాదు. రెండో స్కాన్‌లో మార్పు లేదు. మూడోదాంట్లో గడ్డ పెరిగింది. మేడం ఇక ఆగొద్దన్నారు. గడ్డ ఉన్న చోటు సూదికి అనువుగా లేదని, కోసి తీయడమే మేలని మద్రాసుకు పంపారు. థియేటర్‌లోకి తీసుకుపోయేటప్పుడు మా ఆయన ఆ కుర్ర డాక్టరు చెయ్యి పట్టుకుని, "నిదానంగా పోనియ్యండి సార్," అన్నారు. ఈసారి డాక్టరు మొహం ముడుచుకోలేదు. "అట్లాగే పెద్దాయనా," అన్నాడు.

తీసింది క్యాన్సర్ గడ్డే. అంచుల దాకా శుభ్రంగా వచ్చిందన్నారు. కొన్నాళ్లు దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినట్టుండేది.

తర్వాత ఒక పెళ్లిలో ఆ మొదటి సర్జన్ కనబడి, "తీసెయ్యాలని నేను చెప్పలేదా!" అన్నారు గర్వంగా. "చెప్పినారు సార్. మీరు తీసెయ్యమన్నదాంట్లో చాలాభాగం ఇంకా నా దగ్గరే ఉండాది," అన్నాను. ఆయన ఐస్‌క్రీమ్ వైపు వెళ్లిపోయారు.

ఇప్పుడు ఏడాదికోసారి స్కాన్‌కి పోతున్నాను. ఇంట్లో ఉప్పు తగ్గించాం. "నాకేం రోగమొచ్చిందని ఈ చప్పిడి కూడు?" అని మా ఆయన రోజూ గొణుగుతారు. గొణుగుతూనే, నేను పళ్లెంలో వేసుకున్న ఆవకాయ ముక్కను తీసి తన పళ్లెంలో వేసుకుంటారు.