నా చెయ్యి మంచిది

మా నాయన తనతో తాను మాట్లాడుకుంటున్నాడని మొదట కనిపెట్టింది మా అమ్మ. పొద్దున్నే గడ్డివామి వెనక గోడకు తగిలించిన, గడ్డం గీసుకునే అద్దం ముందు నిలబడి, ఏదో గొణుగుతున్నాడట. దగ్గరికి పోతే నోరు మూసుకుంటాడట.

"ఏదో మంత్రం నేర్చుకుంటాండాడు పాపా. నాకు భయమైతాంది" అంది నాతో.

అప్పుడు నేను ముదిగుబ్బలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుండేదాన్ని. రెండువేల తొలి సంవత్సరాలవి. విత్తిన వేరుశనగ మొలిచి, పూత దశలో వాన మొహం చాటేసేది. చెట్టు పీకితే వేళ్ళే తప్ప కాయలుండేవి కావు. మిగిలిన ఆశంతా భూమి లోపలి నీళ్ళ మీదే కాబట్టి, మా పల్లెల్లో బోరు బండి శబ్దం వినపడని రోజు తక్కువ.

మా నాయన బోరుకు పాయింటు, అంటే ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో, చూసేవాడు. పంగ చీలిన వేపపుల్లను రెండు చేతుల్లో పట్టుకొని చేనంతా తిరిగేవాడు. పుల్ల ఎక్కడ కిందికి వంగితే అక్కడ కాలి బొటనవేలితో గీత గీసేవాడు. నా చిన్నతనంలో ఆయన గీసిన చోటల్లా నీళ్ళు పడ్డాయని చెప్పుకునేవాళ్ళు. తర్వాత నీళ్ళు లోతుకు పోయాయి. ఆయన చూపిన బోర్లు ఒకటొకటిగా ఎండిపోవడం మొదలైంది. చివరికి సొంత చెల్లెలి చేనులో, అంటే మా అత్త చేనులో, వేసిన బోరు నుంచి పొద్దు వాలేదాకా తెల్లటి రాతిదుమ్మే లేచింది. అత్త ఒక్క మాట కూడా అనలేదు. దుమ్ము పట్టిన అన్నకు మజ్జిగ కలిపి ఇచ్చింది. ఆమె తిట్టి ఉంటే ఆయన బాగుండేవాడేమో.

అప్పటి నుంచి ఆయన తనను తానే తిట్టుకోవడం పెట్టుకున్నాడు. చెంబు జారితే "నాది పాపిష్టి చెయ్యి" అనేవాడు. బస్సు తప్పితే "నా మొగం చూసి పోయింటాది" అనేవాడు. "నేను తాకితే సముద్రం కూడా ఎండిపోతాది" అని ఒకసారి అన్నం ముందు కూర్చొని అన్నాడు. మా అమ్మ గదమాయించేది: "తథాస్తు దేవతలు తిరుగుతాంటారు. అట్లాంటి మాటలు అనొద్దు." ఆయన వినేవాడు కాదు. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. ఊళ్ళో ఎవరైనా ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాడు.

అలాంటి మనిషి ఒక్కసారిగా మారాడు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సంగటి ఇంకో ముద్ద అడిగి తిన్నాడు. సంతోషపడాల్సిన మాటే. నాకు మాత్రం భయం వేసింది. ఆ ఏళ్ళలో చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే వార్తలు అలాంటివి. పురుగుల మందు తాగి పోయినవాడి భార్య ఏడుస్తూ, ముందురోజు ఎంతో బాగా ఉన్నాడని, నవ్వుతూ అన్నం తిన్నాడని చెప్పేది. అందుకే అటక మీదున్న పురుగుల మందు డబ్బాను ఆయన లేని సమయంలో దించి, పక్కింటివాళ్ళ కొట్టంలో పెట్టించి తాళం వేయించాను. అది లేదని ఆయన కనిపెడతాడా, ఎవరినైనా అడుగుతాడా అని వారమంతా కాచుకున్నాను. అడగలేదు. దానితో నా అనుమానం తగ్గలేదు, దారి మార్చుకుంది. టై కట్టుకొని వచ్చి, మనుషులను చేర్పిస్తే అదృష్టం మారుతుందని మాయమాటలు చెప్పే గొలుసు వ్యాపారులు అప్పట్లో పల్లెలకు కూడా వచ్చేవారు. వాళ్ళ చేతికి చిక్కాడేమో అనుకున్నాను.

ఒక శుక్రవారం సంతకు పోతున్నానని బయలుదేరాడు. ముదిగుబ్బలో ఆ రోజు సంత లేదు. బడి వదిలాక నేను బజారులో ఆయనను వెతికాను. ఎరువుల అంగడి పక్కనున్న మెట్లెక్కి పైగదిలోకి పోతూ కనిపించాడు. కాసేపాగి నేనూ ఎక్కాను.

లోపల చాపల మీద కొందరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు కూర్చొని ఉన్నారు. ఎదురుగా ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న నడివయసు మనిషి. మాట తీరు చూస్తే మా సీమవాడు కాదు. "మనసుకు రోజూ ఏం వినిపిస్తామో మనసు అదే నమ్ముతుంది. చెడ్డ మాట వచ్చిన ప్రతిసారీ దాని బదులు మంచి మాట అనండి. గట్టిగా అనండి" అని చెబుతున్నాడు. ఒక్కొక్కరు లేచి తమ మాట చెప్పాలి. మా నాయన లేచాడు. నన్ను చూడలేదు. చేతులు కట్టుకొని, బడిపిల్లవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

"నా చెయ్యి మంచిది. నేను చూపించిన కాడ నీళ్ళు పడతాయి."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను చప్పుడు చేయకుండా మెట్లు దిగాను.

ఆ పాఠానికి ఎవరి దగ్గరా రూపాయి తీసుకోరని తర్వాత తెలిసింది. అది నాకు మరీ అనుమానం. ఊరికే మంచి చెప్పేవాళ్ళు ఎవరుంటారు?

బస్టాండులో టీ అంగడి దగ్గర ఆయనను పట్టుకున్నాను.

"నాయనా, మాటలు చెప్పుకుంటే బోర్లో నీళ్ళు పడతాయా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు, తర్వాత తల దించుకున్నాడు. "చెడ్డమాట అంటే తథాస్తు అంటారని మీయమ్మ చెప్తాది. చెడ్డమాట పని చేస్తే, మంచిమాట ఏంటికి పని చెయ్యదు పాపా?"

"చెడ్డమాట పని చేసింది నీ మీద. రాయి మీద కాదు. రేపు ఎవరో వచ్చి అడిగితే ఈ ధైర్యంతో పోయి చూపిస్తావు. దుమ్ము లేస్తే?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఊరు చేరేదాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయన చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను.

నేను అన్నట్టే కొత్తచెరువు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. "అన్నా, నీ పేరు విని వచ్చినా. రేపు ఆదివారం రా" అన్నాడు. నాయన ఒప్పుకున్నాడు. నేనూ వస్తానన్నాను. ఏంటికని అడిగాడు గాని వద్దనలేదు.

ఆ చేనులో గట్టు మీద పదిమంది దాకా చేరారు. నాయన చెప్పులు విడిచి, పుల్ల పట్టుకొని నడిచాడు. పెదవులు కదులుతున్నాయి. ఆ మాటే అనుకుంటున్నాడని నాకు తెలుసు. తూర్పు మూలకు రాగానే పుల్ల గిర్రున తిరిగి నేలకు వంగింది. గట్టు మీదివాళ్ళు "ఓ" అన్నారు. రైతు ముఖం వెలిగిపోయింది. ఇక బొటనవేలితో గీత గీయడమే తరువాయి.

ఆయన గీయలేదు. పుల్లను నేల మీద పెట్టాడు.

"అన్నా, పుల్ల తిరిగింది. తిప్పింది నీళ్ళో, నేనో నాకు తెలీదు. నా మాట మీద బోరు ఎయ్యొద్దు."

"ఏమప్పా, తెలీకుంటే ఈడికి ఏంటికొచ్చినావు?" రైతు గొంతు లేచింది. "నలుగురిలో నగుబాటు చేస్తావా నన్ను?"

"తెలుసనే అనుకొని వచ్చినా అన్నా. ఈడ నిలబడినాక తెలీదని తెలిసింది."

గట్టు మీద ఎవరో నవ్వారు. మేము మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాం.

ఆ రైతు ఇంకొకరిని పిలిపించి పాయింటు పెట్టించుకున్నాడు. నీళ్ళు పడ్డాయి. అది కూడా మా నాయన పుల్ల తిరిగిన తూర్పు మూలలోనేనట. ఆ వార్త మా ఊరికి వచ్చిన రోజు అమ్మ వణికిపోయింది. "మీ నాయన చెవిన పడనీయొద్దు" అంది. కానీ ఆయన టీ అంగడిలో మాకంటే ముందే విన్నాడు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఆయన ముఖం చదవడానికి చూశాను.

"నీళ్ళు పడినాయంట పాపా" అన్నాడు.

"విన్నా నాయనా."

"మంచిదే కదా. వాళ్ళ చెట్లు బతుకుతాయి." అన్నం పెట్టమన్నాడు.

ఆ నెమ్మది నాకు నచ్చలేదు. మరుసటి రోజు పొద్దున గడ్డివామి ఇవతల నిలబడి చెవి ఒగ్గాను. బోరు మాట లేదు, చెయ్యి మాట లేదు. "నేను చెడ్డోణ్ణి కాదు. తెలీనిది తెలీదని చెప్పినా. ఈ పొద్దు పని ఉండాది." ఇంతే. మళ్ళీ ఒకసారి అనుకొని, తువ్వాలు దులుపుకొని బయటికి వచ్చాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. నేనూ సిగ్గుపడ్డాను. అయినా ఆ పురుగుల మందు డబ్బాను మాత్రం చాలాకాలం ఇంటికి తెప్పించలేదు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ పాయింటు చూడలేదు. ఒక బంధువు దగ్గర పాలికి గొర్రెలు తీసుకున్నాడు. పుట్టిన పిల్లల్లో సగం మావి, సగం ఆ బంధువువి. ఎండలో తిరిగి నల్లబడ్డాడు గాని, ఎదురొచ్చిన వాళ్ళను చూసి సందుల్లోకి తిరగడం మానేశాడు. అత్త ఇంట్లో పెళ్ళి జరిగితే పోయి వడ్డన చేశాడు. ఎరువుల అంగడి పక్కన మెట్ల మీది గదికి కొన్నాళ్ళకు తాళం పడింది. ఆ ఇస్త్రీ చొక్కా మనిషి ఎవరో, ఎందుకు వచ్చాడో, ఎక్కడికి పోయాడో తెలిసినవాళ్ళు లేరు. ఆ మనిషి మాటల వల్ల మా నాయన బాగుపడ్డాడా, గొర్రెల వల్లా, కాలం గడవడం వల్లా? నేను తేల్చుకోలేదు. అద్దంలోకి చూసి నన్ను నేను పొగుడుకోమంటే ఇప్పటికీ నాకు నోరు రాదు. ఎవరైనా చెప్పుకుంటుంటే విని, ఇందులో ఎంత నిజమని మనసులో తూకం వేస్తాను.

ఒకసారి అమ్మ చేతిలోంచి పెరుగు కుండ జారి పగిలింది. "నా చేతులు ఇరిగిపోనూ!" అని నెత్తి కొట్టుకుంది. దొడ్లో గొర్రెకు నీళ్ళు పెడుతున్న నాయన అక్కడి నుంచే అన్నాడు:

"ఆ చేతులు ఇరిగిపోతే మాకు సంగటి ఎవరు కెలికిపెడ్తారు? కుండ జారింది, జారిందను. చాలు."

అమ్మ నా వైపు తిరిగి కళ్ళు చిట్లించింది. పెంకులు ఏరుతూ, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "జారింది" అంది.