రెండు డాబాల జొన్నరొట్టె

మహారాష్ట్ర అంచున, కోర్పనా తాలూకాలో పెన్‌గంగ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఈరమ్మ పగ గురించి తెలియనివాళ్లు లేరు. ఆ పగ ఇద్దరు ఆఫీసర్ల మీద. వాళ్లూ మనుషులే కదా అని ఎవరైనా సర్దిచెప్పబోతే, "నా పెనిమిటి సచ్చిన దినం మనుషుల్లెక్క కానొచ్చిండ్రా?" అని ఎదురు అడిగేది.

నది ఇవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ, అవతల తెలంగాణ వైపు ఇంకొకటి. గాలి ఎటు వీస్తే అటు దుమ్ము. ఈరమ్మ భర్త భీమన్న మొదట పత్తిచేలో నిలబడి దగ్గేవాడు. చివరికి మంచం మీద కూర్చుని దగ్గాడు, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ఈరమ్మ చంద్రపూర్ వెళ్లి అక్కడి కాలుష్య నియంత్రణ ఆఫీసు సాబుకు మొరపెట్టుకుంది. "ఆ దుమ్ము అవతలి రాష్ట్రానిది, మా చేతిలో ఏముంది?" అన్నాడాయన. నది దాటి, అవతల అదే పని చూసే సారు దగ్గరికి పోయింది. తెలంగాణ అప్పుడప్పుడే వేరుపడిన రోజులు. "మీది మహారాష్ట్ర, మీ సర్కారుకు చెప్పుకో. మా ఫైళ్ల పంపకమే ఇంకా తెమల్లేదు" అన్నాడాయన. అటూ ఇటూ తిరిగి తిరిగి ఆమె చెప్పులు అరిగాయి, భీమన్న పోయాడు. పాడె లేవకముందే ఈరమ్మ ఒట్టు పెట్టుకుంది, ఆ ఇద్దరి నోట్లో అదే దుమ్ము పోయకపోతే తన పేరు ఈరమ్మే కాదని.

మూడేళ్లకు దారి దొరికింది. పేపర్లలో గోల పెరిగి, రెండు రాష్ట్రాలూ కలిసి తనిఖీ చేస్తామన్నాయి. వచ్చేది ఆ ఇద్దరే, భోజనాలు ఈ ఊళ్లోనే. తేదీ ఫ్యాక్టరీలకు ముందే తెలుసు కాబట్టి ఆ రోజు బట్టీలు ఆపేస్తారని ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. వంట ఎవరు చేస్తారని సర్పంచ్ అడిగితే ఈరమ్మ నవ్వుతూ ముందుకొచ్చింది. భర్త పోయాక ఆమె నవ్వడం ఊరు చూసింది అప్పుడే.

ఆ పల్లెల్లో జొన్నలు కడిగి ఆరబోస్తే పైన పాత చీర కప్పాల్సిందే, లేకపోతే రొట్టె పళ్లకింద కరకరమంటుంది. తనిఖీకి ముందు వారం ఈరమ్మ చీర కప్పలేదు. నది అవతలి ఊరికి కోడలిగా వెళ్లిన చెల్లెలు ఆగమ్మకు ఫోన్ చేసింది.

"చెల్లె, నీ డాబా మీద గూడ జొన్నలు ఆరవొయ్యి. చీర గిట్ల కప్పకు."

"ఎందుకక్కా, నీ డాబా దుమ్ము సాలదా?"

"ఒక్క దిక్కుదైతే ఇంకోడు తప్పించుకుంటడు."

దసరా దాటాక అక్కడ గాలి పూటకో దిక్కు తిరుగుతుంది. రెండు డాబాలకూ దుమ్ము బాగానే పంచింది. ఆగమ్మ బస్సులో సంచి మోసుకొచ్చింది. అక్కాచెల్లెళ్లు రెండు జొన్నలూ కలిపి గిర్నిలో పిండి పట్టించారు.

తనిఖీ రోజు ఆకాశం కడిగినట్టుంది. "ఎక్కడమ్మా దుమ్ము?" అని ఆఫీసర్లు నవ్వుకుంటూ భోజనానికి కూర్చున్నారు. వేడివేడి రొట్టె, వంకాయ కూర. మొదటి ముక్కకే ఇద్దరి దవడలూ ఆగిపోయాయి. ఇవతలి సాబు ఉమ్మేసి, "ఇది వాళ్ల ఫ్యాక్టరీ దుమ్ము" అన్నాడు. అవతలి సారు నోరు పుక్కిలించి, "కాదు, మీదే" అన్నాడు. దుమ్మే లేదన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఈరమ్మ రొట్టెల గంపతో వాళ్ల మధ్యకొచ్చి నిలబడింది. "కొట్లాడకుండ్రి సాబ్. సగం జొన్నలు నా డాబావి, సగం నా చెల్లె డాబావి. ఏ ముక్కల ఎవరి దుమ్మున్నదో నాకే ఎరుకలేదు. మీరు ఉమ్మేసిండ్రు. మా ఆయన ఉమ్ముదామన్నా బయటికి రాలే."

ఊరంతా చూస్తోంది. పేపరువాళ్లు ఫోటోలు తీస్తున్నారు. ఆ సాయంత్రమే ఇద్దరూ, దుమ్ము రెండు ఫ్యాక్టరీలదీ అని రాసి, ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. ఏడాది తిరిగేసరికి రెండు ఫ్యాక్టరీల్లోనూ దుమ్ము పట్టే యంత్రాలు పెట్టారు.

పగ తీరిందని ఊరు అనుకుంది. ఈరమ్మకు తీరలేదు. ఏటా భీమన్న పోయిన రోజున రొట్టెలు కాల్చి, గుడ్డలో కట్టుకుని, బస్సెక్కి ఇద్దరి దగ్గరికీ వెళ్తుంది. ఎదురుగా కూర్చుని, "తినుండ్రి సాబ్" అంటుంది. ఇప్పుడు ఆ పిండిలో ఇసుమంత దుమ్ము లేదు, జొన్నల మీద చీర కప్పే పని కూడా లేదు. ఆ మాట మాత్రం వాళ్లకు చెప్పదు. వాళ్లు ముక్క నోట్లో పెట్టుకుని భయంభయంగా నములుతుంటే చూస్తూ కూర్చుంటుంది, మింగేదాకా లేవదు.