రాసిచ్చిన సాక్ష్యం

ఇవాళ బజార్లో కొత్త గోనెసంచి వాసన తగిలి ఒళ్లు మండిపోయింది. టికియాపారా రైల్వే క్వార్టర్స్ నేస్తాల్లారా, నేను మెట్రిక్ పాసైనప్పుడు చర్చిలో సాక్ష్యం చెప్పించారు, గుర్తుందా? పాసైన పిల్లలు దేవుడికీ పెద్దలకీ అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పాలి కదా! నాకు కాగితం రాసిచ్చింది మన సంఘపెద్ద. "ఆడపిల్లకి సదువేటికి?" అని మా నాన్నకి అడ్డం పడ్డ పెద్దమనిషే! సిగ్గులేకుండా మొదటి కృతజ్ఞత తనకే రాసుకున్నాడు. పగలంతా గోనెసంచులు కుట్టి నన్ను చదివించిన అమ్మ ఊసే లేదు. నేనూ చిలకలా చదివేశాను.

ఇంటికెళ్తుంటే, అక్షరమ్ముక్క రాని మా అమ్మ, "బాగా సదివినావే అమ్మీ, ఎక్కడా తడబడనేదు" అని మురిసిపోయింది.

ఆయన మీద కోపం ఎన్నడో చల్లారింది. ఆ కాగితం అక్కడే చింపెయ్యని నా మీద మాత్రం ఇంకా చల్లారలేదు.