చేపు తెలియని చదువు

మూడేళ్ళు బర్రెపాల మీద పరిశోధన చేసినవాణ్ణి. పాలలో మాంసకృత్తులు ఏ హార్మోను వల్ల తయారవుతాయో నిద్రలో లేపినా చెబుతాను. అలాంటివాణ్ణి జడ్చర్ల పక్క ఊళ్ళో పాల నమూనా కోసం సీసా పట్టుకుని నిలబడితే, ఒక అవ్వ "చేపుతలేదు సారూ" అంది.

"బర్రెకు చేపలెందుకవ్వా?" అన్నాను.

అవ్వ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "గింత సదివినవ్, చేపుడంటే తెల్వదా? పాలు కిందికి దిగుడు. పాలు తాగే దుడ్డె సచ్చి నాలుగొద్దులాయె, దిగనిస్తలేదు. గిట్లనే వట్టిపోతే రేపు అంగడిల దీన్ని అమ్ముతనంటుండు నా కొడుకు."

పాలు దిగాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోను కావాలని, కొత్తవాళ్ళను చూసి బర్రె బెదిరితే అది పనిచేయదని వివరించాను. బర్రె ముందే నిలబడి వివరించాను.

అవ్వ అంతా విన్నది. "అయితే సారూ, నువ్వు జర గోడెనుకకు పో."

పోయి, అక్కడినుంచి తొంగిచూశాను. అవ్వ పొదుగు కడిగి, బర్రె పొట్టకు నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. పిండే ముందు రోజూ అంతేనని తర్వాత చెప్పింది. "నాకేం తొందర లేదు తల్లీ" అంటూ ఈసారి ఎంతసేపైనా లేవకుండా ఊరికే కాచుకుని కూర్చుంది. చాలాసేపటికి గిన్నెలో జుయ్యిమని చప్పుడు.

ఆ నుదుటి స్పర్శకు పొదుగు దాకా నడిచిన హార్మోను పేరు నాకు తెలుసు. దాన్ని నడిపించడం ఆమెకు తెలుసు.

నా సీసాలో చెంచాడు పోసి, అవ్వ ఇంట్లోకి కేకేసింది: "అరేయ్, రేపు అంగడికి నువ్వొక్కనివే పో!"