మా అమ్మాయి బరువు నీళ్ళు

మా ఆయన సర్వీసంతా సబ్‌మెరైన్‌లోనే గడిచింది. యుద్ధాలు చేశాడనుకునేరు, అదేం లేదు. బరువు చూసేవాడు.

"పెద్ద ట్యాంకుల్లోకి సముద్రాన్ని వదిలితే బోటు మునుగుతుంది, గాలి కొట్టి ఆ నీళ్ళు బయటికి నెడితే తేలుతుంది. అది ఎవడైనా చేస్తాడే. ఎంత లోతన్నారో అంత లోతులోనే నిలబెట్టడం ఉంది చూశావూ, అదీ పని!" అని పెళ్ళైన కొత్తలో గొప్పగా చెప్పాడు. బోటులోంచి ఏ కాస్త బరువు బయటికి పోయినా, అంత బరువు సముద్రపు నీళ్ళు లోపలికి తీసుకోవాలట. లేకపోతే తనంతట తానే పైకి లేచిపోతుందట. వినడానికి బాగానే ఉండేది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక తెలిసొచ్చింది నాకు.

గుమ్మం పక్కన తూకం మెషీన్ పెట్టాడు. ఇంట్లోంచి ఎవరు ఊరెళ్ళినా వాళ్ళ బరువుకు సరిపడా నీళ్ళు క్యాన్లలో నింపి వాళ్ళ మంచం మీద పెడతాడు. వాళ్ళు తిరిగొస్తే పారబోస్తాడు. ఒకసారి మా తమ్ముడు చెప్పాపెట్టకుండా ఊడిపడితే, నా కుట్టుమిషనూ రెండు కుర్చీలూ తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టేశాడు. ముందుగదిలో ముగ్గురు కూర్చుంటే నేను వెనక వంటింట్లోంచి కదలకూడదు, ముక్కు కిందికి వాలుతుందట. ఇంటికి ముక్కేమిటండీ, నా బొంద!

"బోటుకి పక్కన రెక్కలుంటాయన్నారుగా, వాటితో సర్దుకోవచ్చుగా?" అన్నాను, ఏదో తెలిసినదానిలా.

"రెక్కలు నడిచే బోటుకే పనిచేస్తాయి. ఆగిందా, బరువొక్కటే దిక్కు. మన ఇల్లు నడుస్తోందా?"

నడవడం లేదని చచ్చినట్టు ఒప్పుకున్నాను.

ఇంతలో మా అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. బస్సెక్కించి వచ్చిన మనిషి చెప్పులైనా విప్పకుండా నీళ్ళు పట్టడం మొదలుపెట్టాడు. నెలలు గడిచాయి. దాని మంచం మీద క్యాన్లు అలాగే ఉన్నాయి. వాటిలో ఒకటి కారి, నేలలో ఇంకి, కింద వాటాలో ఉండే ఓనరమ్మ దిండు మీద చుక్కలు చుక్కలుగా పడింది. ఆవిడ పైకొచ్చి, ఆదివారంలోగా ఆ నీళ్ళైనా పోవాలి, మీరైనా పోవాలి అని తేల్చి చెప్పింది. ఈ వయసులో సామాను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతాం?

"పిల్ల రాకుండా పారబోస్తే ఇల్లు పైకి లేస్తుంది," అన్నాడు ఈయన.

"లేవనీండి, కాస్త గాలైనా తగులుతుంది!"

"నీకంతా నవ్వులాటే."

ఇక లాభం లేదని అమ్మాయికి ఫోన్ చేశాను. "ఒక్క రోజు వచ్చి ఇంట్లో నిలబడి పోవే తల్లీ. మీ నాన్న నిన్ను పారబోయనని మొండికేశాడు."

ఆదివారం పొద్దున్నే వచ్చింది పిల్ల. ఓనరమ్మ కాపలాకి గుమ్మంలో నిలబడింది. ఈయన కూతుర్ని మెషీన్ ఎక్కించి ముల్లు చూశాడు. వంగి మళ్ళీ చూశాడు. క్యాన్లు ఒక్కొక్కటే మోసుకెళ్ళి బాత్రూంలో పారబోశాడు. ఆఖరిదాని దగ్గరికి వచ్చి, దాని పక్కన కూలబడ్డాడు.

"అదీ పారబోయండి. అమ్మాయి వచ్చేసిందిగా!" అంది ఓనరమ్మ.

"పూర్తిగా రాలేదమ్మా," అన్నాడు.

ఈయన్ని దులిపేద్దామని నోరు తెరిచి, పిల్ల వంక చూశాను. మెడ కింద ఎముకలు పైకి తేలి ఉన్నాయి. ఫోన్ చేసినప్పుడల్లా కడుపునిండా తింటున్నానమ్మా అంటే నమ్మేశాను.

"అక్కడ ముద్ద దిగట్లేదు నాన్నా. ఉండలేకపోతున్నాను," అని ఘొల్లుమంది.

"ఈ క్యాన్ ఖాళీ అయ్యేదాకా ఎక్కడికీ వెళ్ళకు," అన్నాడు ఆయన, దాని మూత బిగిస్తూ.

ఓనరమ్మ గబగబా కిందికెళ్ళింది. సామాను సర్దుకోమనడానికే కాబోలనుకున్నాను. ఒక పెద్ద బేసిన్ పట్టుకుని మళ్ళీ పైకొచ్చింది. "దీన్ని క్యాన్ కింద పెట్టండి, నా దిండు తడవకుండా," అంది.

ఇప్పుడు రోజూ భోజనాలయ్యాక కూతుర్ని మెషీన్ ఎక్కించి, అది ఎంత పెరిగితే అంత, గ్లాసుతో కొలిచి పారబోస్తున్నాడు. క్యాన్ ఇంకా సగం ఉంది. నేనేం తొందరపెట్టడం లేదు.